నాడి చెప్పునది, యంత్రము చూపునది

(సంఘ వార్షికోత్సవ సందర్భమున జరిగిన ఆరోగ్య సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



వైద్య విషయమున ఏదేని ఒక అంశమును గూర్చి అరగంటసేపు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. అంశమును ఎన్నుకొను భారమును మాత్రము నాకే వదలినారు. మనలో చాలమందికి తల్లిదండ్రులు వృద్ధులు. కొందఱు ఇక్కడ మనతోనే యున్నారు. కొందఱు స్వగ్రామములలో ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రిలో వారి మంచము ప్రక్కన రాత్రియంతయు కూర్చుండవలసిన అవసరము మనలో ఎవరికైనను కలుగవచ్చును. అట్లు కూర్చున్నవారి చూపు రోగి ముఖము మీద కంటె తలాపున వెలుగుచున్న మానిటరు మీదనే ఎక్కువగా నిలుచుట సహజము. దానిపై గుండె వేగము 118 అని కనబడుచుండును. నర్సు వచ్చి, మణికట్టు పట్టుకొని, గడియారము చూచి, పట్టికలో 84 అని వ్రాసికొని పోవును. ఇంటివారికి గుండె జాఱును. యంత్రము చెడినదా? నర్సు లెక్క తప్పినదా? ఈ రెండు అంకెలలో దేనిని నమ్మవలెను? ఈ సందేహమునే నేడు విషయముగా తీసికొన్నాను.

నా సమాధానమును ముందే చెప్పివేసెదను. చాల సందర్భములలో ఇద్దఱిలో ఎవరును తప్పు చెప్పుట లేదు. వారు రెండు వేర్వేఱు సంగతులను లెక్కించుచున్నారు. ఆ రెంటి నడుమ వచ్చిన తేడా రోగి స్థితిని గూర్చిన ఒక ముఖ్యమైన వార్త. దానిని చూచి భయపడుట కాదు, తెలిసికొనవలెను. తెలిసికొని, వైద్యునకు చెప్పవలెను.

మొదట నాడి యనగానేమో చూతము. హృదయము ముడుచుకొనినప్పుడు ఎడమ జఠరికలోని రక్తము బృహద్ధమనిలోనికి నెట్టబడును. విశ్రాంతిగా నున్న ఆరోగ్యవంతుని గుండె ఒక్కొక్క స్పందనమున సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును నెట్టును. నిమిషమునకు 70 పర్యాయములు కొట్టుకొన్నచో అది దాదాపు 5 లీటర్లగును. ఈ నెట్టుడు వలన ధమనుల గోడలలో ఒక అల పుట్టి, రక్తము కంటె ఎంతో వేగముగా సాగి, సెకండులో అయిదవ వంతు కాలములోనే మణికట్టును చేరును. మన వ్రేళ్ళకు తగులునది ఆ అలయే. చెఱువులో ఱాయి పడినప్పుడు పడినచోటి నీరు గట్టునకు రాదు. అల మాత్రము వచ్చి తాకును. నాడియు అట్టిదే.

నాడి చూచుట మన దేశమున క్రొత్త విద్య కాదు. శార్ఙ్గధర సంహిత నాడి నడకను పాము నడకతోను, కప్ప గంతుతోను, హంస గమనముతోను పోల్చి చెప్పినది. తెలుగునాట వైద్యులు ఆదరించిన బసవరాజీయమునందును నాడీ విషయము చర్చింపబడినది. ఆ వైద్యులు ముఖ్యముగా చూచినది నాడి నడకను, దాని బలమును, లయను. గడియారము పెట్టి నిమిషమునకు ఇన్నియని లెక్కించు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చినవారిలో ఇంగ్లండు వైద్యుడు సర్ జాన్ ఫ్లోయర్ ఒకడు. సరిగా ఒక్క నిమిషము నడచు గడియారమును చేయించి, దానిని గూర్చి 1707లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. అంకె వచ్చినది, అది మేలే. కాని అంకె వచ్చిన పిమ్మట నడకను గమనించు అలవాటు మనలో కొంత తగ్గినది. లయ ఎంత ముఖ్యమో ముందు ముందు మీకే తెలియగలదు.

ఇక మానిటరు సంగతి. హృదయము ముడుచుకొనుటకు ముందు ఒక సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహము దాని కండరములో వ్యాపించును. దానిని శరీరము పైనుండియే గ్రహించి గీతగా గీయు యంత్రమును హాలెండులోని లైడెన్ నగరమున విలెమ్ ఐంథోవెన్ అను పండితుడు 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో నిర్మించెను. నాడు రోగి తన చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చుండవలసి యుండెను. ఆ కృషికి ఐంథోవెనునకు 1924లో నోబెల్ బహుమానము లభించినది. నేటి మానిటరు ఆ యంత్రమునకు వారసురాలే. ఉప్పునీటి పాత్రలకు బదులు ఛాతీపై అంటించు బిళ్ళలు వచ్చినవి. తెఱపై పరుగెత్తు గీతలో పొడవుగా లేచు శిఖరమునకు ఆర్ అని పేరు. మానిటరు ఆ శిఖరములను గుర్తించి, కొన్ని స్పందనములకో కొన్ని సెకండ్లకో సగటు కట్టి, గుండె వేగమని ఒక అంకె చూపును.

కనుక మానిటరు లెక్కించునది విద్యుత్తును. వ్రేలు లెక్కించునది రక్తపు అలను. మీరందఱు ప్రభుత్వ కార్యాలయములలో పని చేయువారు గనుక మీకు ఈ భేదమును బోధపఱచుట తేలిక. పైనుండి ఉత్తరువు జారీ యగుట వేఱు, అది క్రింద అమలు జరుగుట వేఱు. డిస్పాచ్ రిజిస్టరులో 118 కాగితములు ఎక్కినవి. జిల్లా కార్యాలయమునకు చేరినవి 84. రిజిస్టరు అబద్ధమాడలేదు, జిల్లా గుమాస్తాయు అబద్ధమాడలేదు. నడుమ ఏమి జరిగినదో విచారింపవలసి యున్నది. విద్యుత్తు ఉత్తరువు, నాడి అమలు. సాధారణముగా ప్రతి యుత్తరువును అమలు జరుగును. అప్పుడు రెండు అంకెలును ఒక్కటే యగును. అమలు జరుగని యుత్తరువులు ఎక్కడ, ఏల పుట్టుచున్నవి అనునదే మన ప్రశ్న.

దీనికి మిక్కిలి ముఖ్యమైన కారణము ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను లయభంగము. గుండె పై గదులైన కర్ణికలు ఈ వ్యాధిలో ముడుచుకొనుట మాని, గజగజ వణకుచుండును. నిమిషమునకు 350 మొదలు 600 వఱకు అస్తవ్యస్తమైన విద్యుత్ సంకేతములు అక్కడ పుట్టును. కర్ణికలకు జఠరికలకు నడుమ నున్న కణుపు వానిలో కొన్నిటినే క్రిందికి పోనిచ్చును. కాని ఒక క్రమము లేకుండ పోనిచ్చును. ఒక స్పందనమునకు తరువాతి స్పందనమునకు నడుమ ఒకప్పుడు ఎక్కువ వ్యవధి, ఒకప్పుడు అత్యల్ప వ్యవధి ఏర్పడును.

బావిలో చేద వేసి నీరు తోడుట మనకందఱకు తెలిసినదే. చేద మునిగి నిండువఱకు ఆగి తాడు లాగినచో నిండు చేద వచ్చును. నిండకముందే లాగినచో అడుగున కొంచెము నీరు వచ్చును, లేదా ఏమియు రాదు. గిలక మాత్రము రెండు పర్యాయములును ఒకే తీరున కిఱ్ఱుమని చప్పుడు చేయును. గుండెయు అట్లే. ముందటి స్పందనము ముగియగానే వెంటనే మఱొకటి వచ్చినచో, జఠరిక నిండుటకు వ్యవధి చాలదు. అది ముడుచుకొనును గాని నెట్టుటకు తగినంత రక్తము లేదు. ఒక్కొక్కప్పుడు బృహద్ధమని కవాటమైనను తెఱచుకొనదు. మానిటరు ఆ స్పందనమును లెక్కించును. మణికట్టునకు అల రాదు.

ఇట్లు గుండె వద్ద లెక్కకు, మణికట్టు వద్ద లెక్కకు వచ్చు తేడాకు వైద్యులు పల్స్ డెఫిసిట్ అని పేరు పెట్టినారు. మనము నాడీలోపము అనవచ్చును. పైన చెప్పిన రోగికి అది 118లో 84 పోగా 34. అనగా నిమిషమునకు 34 మాఱులు గుండె శ్రమపడియు ఫలము అందలేదన్నమాట. దీనిని సరిగా కొలుచుటకు ఇద్దఱు మనుష్యులు కావలెను. ఒకరు స్టెతస్కోపుతో గుండె వద్ద వినుచుండగా, మఱొకరు మణికట్టు పట్టుకొని, ఒకే గడియారమును చూచుచు, ఒకే నిమిషము పూర్తిగా లెక్కింపవలెను. ఇప్పుడొకటి, పది నిమిషముల తరువాత ఒకటి లెక్కించి తీసివేసినచో వచ్చునది నాడీలోపము కాదు. మందులతో గుండె వేగము తగ్గి, జఠరికకు నిండు వ్యవధి దొరకినకొలది ఈ లోపము తగ్గుచు వచ్చును. డిజాక్సిన్ ఇచ్చుటకు ముందు నర్సు గుండె వద్ద పూర్తి నిమిషము లెక్కించు ఆచారము ఆసుపత్రులలో స్థిరపడినదియు ఇందుకే. ఇట్టి రోగికి మణికట్టు లెక్క ఒక్కటే చాలదు.

ఈ వ్యాధిని గూర్చి ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. వణకుచున్న కర్ణికలో రక్తము నిలువయై గడ్డ కట్టవచ్చును. ఆ గడ్డ కదలి మెదడు లోనికి పోయినచో పక్షవాతము వచ్చును. ఈ లయభంగము గలవారికి పక్షవాత ప్రమాదము ఇతరుల కంటె సుమారు 5 రెట్లు ఎక్కువ. రక్తము గడ్డ కట్టకుండ చేయు మందులను వైద్యుని సలహాపై వాడినచో ఆ ప్రమాదము చాలవఱకు తగ్గును. కాని రోగము ఉన్నదని తెలిసినగదా మందు! కొందఱికి దడ, ఆయాసము కలుగును. కొందఱికి ఏ బాధయు తెలియదు. మన దేశమున చిన్నతనమున వచ్చిన కీళ్ళవాత జ్వరము వలన మైట్రల్ కవాటము ఇఱుకైనవారికి, నడివయస్సు రాకముందే ఈ లయభంగము కలుగవచ్చును. కనుక ఇది వృద్ధులకే పరిమితమైన విషయము కాదు.

రెండవ కారణము అకాల స్పందనములు. గుండెలో మఱొకచోట నుండి ఒక సంకేతము వేళకు ముందే పుట్టును. చేద నిండకముందే లాగిన తీరుననే, ఆ స్పందనమునకు నాడి అందకపోవచ్చును. ఒక్కొక్కరికి ప్రతి సహజ స్పందనము తరువాత ఒక అకాల స్పందనము జంటగా వచ్చుచుండును. మానిటరు 76 అని చూపుచుండగా మణికట్టు వద్ద 38 మాత్రమే దొరకును. ఇంటిలో వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు 38 అని చూపినదని కంగారుపడువారిలో కొందఱి సంగతి ఇదే. అప్పుడప్పుడు వచ్చు అకాల స్పందనములు ఆరోగ్యవంతులకును కలుగును; వానిలో చాలవఱకు అపాయకరములు కావు. కాని అవి తఱచుగా వచ్చుచున్నను, తల తిరిగినను, స్పృహ తప్పినను పరీక్ష అవసరము.

మూడవది మిక్కిలి భయంకరమైనది. తెఱపై గీత క్రమముగానే నడచుచుండును. అంకె 70 అని యుండును. కాని నాడి యుండదు. విద్యుత్తు ఉన్నది, గుండె రక్తమును నెట్టుట లేదు. అధిక రక్తస్రావము, ప్రాణవాయువు కొఱత, ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద గడ్డ అడ్డుపడుట, గుండె చుట్టు ద్రవము చేరి దానిని నొక్కివేయుట మొదలగు కారణములచే ఇట్లు జరుగవచ్చును. ఉత్తరువులన్నియు వెలువడుచున్నవి, రాజ్యమున మాత్రము పాలన లేదు. అందుచేతనే మాకు గురువులు నేర్పిన మొదటి సూత్రము: ముందు రోగిని చూడుము, తరువాత యంత్రమును చూడుము. మనిషి పలుకక, కదలక, సరిగా ఊపిరి తీయక యున్నచో, తెఱపై ఎంత మంచి అంకె యున్నను దానిని నమ్మరాదు. ఆసుపత్రిలో నున్నచో తక్షణమే కేక వేయవలెను. ఇంటిలోనైనచో 112కు గాని, మన తెలుగు రాష్ట్రములలో 108కి గాని ఫోను చేయించి, రొమ్ము ఎముక నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 వఱకు నొక్కులు, పెద్దవారికి కనీసము 5 సెంటీమీటర్ల లోతున, ఆపకుండ నొక్కవలెను. వైద్యశిక్షణ లేనివారు నాడి కొఱకు వెదకుచు కాలము వృథా చేయరాదు.

నాలుగవది, గుండె బాగుగనే యుండి మార్గమున అడ్డు కలుగుట. చేతికి పోవు ధమని ఇఱుకైనచో ఆ మణికట్టున నాడి బలహీనమగును, లేదా అసలే అందదు. జపాను నేత్రవైద్యుడు తకయాసు పేర, ఆయన 1908లో చేసిన వర్ణనను బట్టి, ఒక ధమనీవ్యాధి ప్రసిద్ధమైనది. నాడి అందని జబ్బు అని దానికి మఱొక పేరు. అది ఎక్కువగా యువతులకు వచ్చును. మన దేశమునను కలదు. ఒక చేత నాడి అందనప్పుడు రెండవ చేతిని కూడ చూడవలెనని పెద్దలు చెప్పుట ఇందుకే.

యంత్రము నిజముగా పొరపడు సందర్భములును లేకపోలేదు. గీతలో ఆర్ తరువాత టి అను మఱొక శిఖరము వచ్చును. కొందఱు రోగులలో అది చాల ఎత్తుగా లేచును. యంత్రము దానిని కూడ ఒక స్పందనముగా భావించినచో 70కి బదులు 140 చూపును. ఇక్కడ నాడి 70 అని చెప్పునదే సత్యము. రోగి చలితో వణకినను, చేతికి కంపవాతమున్నను, పండ్లు తోముకొనుచున్నను గీత చెదరిపోయి, ప్రాణాపాయకరమైన లయ వచ్చినట్లే కనబడవచ్చును. బిళ్ళ ఊడినచో గీత చదునై, గుండె ఆగినట్లు గంట మ్రోగును. గీత మఱీ పొట్టిగా నున్నచో కొన్ని స్పందనములను యంత్రము విడిచిపెట్టును. పేస్‌మేకరు పెట్టించుకొన్నవారి విషయమున, దాని విద్యుత్ సంకేతమును యంత్రము స్పందనముగా లెక్కించి, గుండె దానికి బదులు పలుకకున్నను పలికినట్లే చూపవచ్చును. ఇట్టి సంశయములను తీర్చునది మణికట్టు మీది వ్రేలు, గుండెమీది స్టెతస్కోపు.

వ్రేలు కూడ పొరపడును. 15 సెకండ్లు లెక్కించి 4తో హెచ్చించినచో, ఒక్క స్పందనము జాఱినను 4 తేడా వచ్చును. లయ తప్పిన నాడి విషయమున ఆ 15 సెకండ్లు మిగిలిన 45 సెకండ్లకు ప్రతినిధి కానేరవు. బొటనవ్రేలితో చూచువారికి తమ నాడియే తగులవచ్చును. చేయి చల్లబడియున్నను, రక్తపు పోటు మిక్కిలి తగ్గినను అల సన్నగిల్లును.

2020లో కోవిడ్ వచ్చినప్పటినుండి అనేక గృహములలో ఆక్సీమీటరు చేరినది. దాని మూలసూత్రమును జపానులో తకువో అయోయాగి 1970ల తొలినాళ్ళలో కనుగొనెను. వ్రేలిగుండ ప్రసరించు కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి అది లెక్క కట్టును. కనుక అదియు రక్తపు అలనే లెక్కించును గాని గుండె విద్యుత్తును కాదు. వెనుక భాగమున కాంతి వెలుగు చేతి గడియారములును సాధారణముగా అంతే. వ్రేళ్ళు చల్లగా నున్నను, కదలుచున్నను, గోళ్ళకు దట్టమైన రంగున్నను అది తడబడును. ఇంటిలోని రక్తపుపోటు యంత్రము చూపు నాడి అంకెయు చేతి అలను బట్టి వచ్చినదే. లయ తప్పినవారికి ఒక్క పర్యాయము చూచిన పోటు నమ్మదగినది కాదు. మూడు పర్యాయములు చూచి సగటు తీసికొనుట మేలు.

ఇక మీరు చేయవలసినది చెప్పి ముగించెదను. ఆసుపత్రిలో రెండు అంకెలకు తేడా కనబడినచో, మొదట రోగి ముఖము చూడుడు. పలుకరించి బదులు వినుడు. పిమ్మట నర్సును పిలిచి, తేడా యున్నదని సౌమ్యముగా చెప్పుడు. తప్పు చేసితిరని నిందింపవలదు. రెండును ఒకేమాఱు ఒక నిమిషము చూడుమని కోరుడు. గంట మ్రోగినచో మీరే మీట నొక్కి ఆపవద్దు. బిళ్ళలను, తీగలను మీరు సవరింపవద్దు. ఛాతీ నొప్పి, ఆయాసము, చెమటలు, మగత కనబడినచో అంకెలతో నిమిత్తము లేకుండ వెంటనే వైద్యుని పిలువుడు.

ఇంటి వద్ద చేయవలసినది ఇంకను సులభము. నాడి చూచుట నేర్చుకొనుడు. బొటనవ్రేలి మొదలు క్రింద, మణికట్టు లోపలి ప్రక్కన, చూపుడు వ్రేలు, మధ్య వ్రేలు మెత్తగా ఆనించి ఒక నిమిషము పూర్తిగా లెక్కింపుడు. అంకె కంటె ముందు లయను గమనింపుడు. గడియారపు టిక్కు టిక్కు వలె సమముగా నడచుచున్నదా, లేక తప్పటడుగులు వేయుచున్నదా? 65 ఏండ్లు దాటినవారికి ఇట్లు లయ చూడవలెనని అనేక దేశముల వైద్య సంఘములు సూచించుచున్నవి. తప్పటడుగులు కనబడినచో అది రోగమని మీరే నిర్ణయింపవలదు, ఈసీజీ తీయించుడు. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము మనకు గలదు. నియమములకు లోబడి మనపై ఆధారపడిన తల్లిదండ్రులకును అది వర్తించును. చీటీ వ్రాయించుకొనుటకు బద్ధకింపవలదు.

మంచి వైద్యునకు హస్తవాసి కలదని మనవారు చెప్పుకొందురు. ఆ హస్తవాసిలో సగము, చేయి పట్టుకొని ఒక నిమిషము ఓపికగా కూర్చుండుటయే. ఆ ఓపిక మీకును ఉన్నది. ఈ మాఱు సెలవులకు స్వగ్రామమునకు పోయినప్పుడు అమ్మగారి చేయి, నాన్నగారి చేయి పట్టుకొని ఒక్క నిమిషము లెక్కింపుడు. వారికి సంతోషము, మీకు ఒక ముఖ్య సమాచారము. ఆ ఒక్క నిమిషము ఒక ఇంటికి పక్షవాతమును తప్పింపగలిగినచో నేటి ఈ ప్రసంగము సార్థకమైనట్లే.